రెండు వేళ్ల ఎత్తు

మా తమ్ముడు ఇంజన్లు చెక్కేవాడు. నవ్వకండి, కర్రతోనే. ఇనుము కరిగించి పోయాలంటే ముందు ఇసుకలో అచ్చు దిగాలి. ఆ అచ్చు దిగాలంటే ఎవడో ఒకడు అదే ఆకారాన్ని కర్రలో చెక్కి ఇవ్వాలి. కార్ల ఫ్యాక్టరీలోని ఇంజన్ల షెడ్డులో ముప్ఫై నాలుగేళ్లు ఆ ఎవడో ఒకడు మా తమ్ముడే. వెంట్రుకవాసి తేడా ఉన్నా బొటనవేలితో తడిమి పట్టేసేవాడు. పెళ్లాం పోయాక మళ్లీ పెళ్లి మాట ఎత్తనివ్వలేదు. మా ఇంటికి రెండు గుమ్మాల అవతల ఒక గదిలో ఉంటూ రెండు పూటలా నా దగ్గరే తినేవాడు. మాట దగ్గర మాత్రం పరమ పిసినారి. మా అమ్మ వాడి వాటా నోరు కూడా నాకే పెట్టిందని అందరూ అంటారు. అబద్ధమేమీ కాదు.

ఆ ఏడు ఫ్యాక్టరీవాళ్లు రెండు తలుపుల చిన్న స్పోర్ట్స్ కారు తెస్తున్నారని కబురు పుట్టింది. పేపర్లో బొమ్మ వేశారు గాని లోపల ఏ ఇంజను పెడతారో చెప్పలేదు. ఇక షెడ్డు మొత్తానికి అదే పని. మన షెడ్డులో చేసే నాలుగు సిలిండర్ల ఇంజనే అని కొందరు, బయటి నుంచి తెచ్చే మూడు సిలిండర్ల టర్బో అని కొందరు, అసలు ఇంజనే ఉండదు, బ్యాటరీతో తిరిగే మోటారే అని కొందరు. మొదటిదైతే షెడ్డు బతుకుతుంది. మిగతా రెండింట్లో ఏదైనా తాళమే. మా అల్లుడు ఆ షెడ్డులోనే ఫిట్టరు.

ఆదివారం మా వరండాలో ఇదే గోల.

"మూడు సిలిండర్లతో స్పోర్ట్స్ కారేంటయ్యా, మూడు కాళ్ల కుర్చీలాగా," అన్నాడు పక్కింటి పెయింటరు.

"టర్బో ఉంటే ఆ కుర్చీ కూడా ఎగురుతుంది," అన్నాడు అల్లుడు.

"మోటారైతే ఇంకా కష్టం. చప్పుడుండదు. కారెక్కితే మా ఆవిడ మాటలన్నీ వినాల్సొస్తుంది," అన్నాడు పెయింటరు.

"ఆవిడ మాట ఒక్కటి విన్నా ఈపాటికి బాగుపడేవాడివి," అన్నాను.

మా తమ్ముడు కూడా నవ్వాడు.

మరుసటి నెలలో పెద్ద ఇంజనీరు వాణ్ని పిలిచి, మన నాలుగు సిలిండర్ల ఇంజన్ని అసలు కొలతలతో కర్రలో చేసి ఇమ్మన్నాడు. కొత్త కారు బాడీలో పెట్టి చూసుకోవడానికట. సరిగ్గా అప్పుడే అల్లుడికి పంపుల ఫ్యాక్టరీ నుంచి ఉత్తరం వచ్చింది. ఫిట్టరు ఉద్యోగం, పదిహేనో తారీఖులోగా చేరాలి. నా కూతురు మేనమామ దగ్గరకొచ్చి కూర్చుంది.

"మావయ్యా, నిజం చెప్పు. మన ఇంజనేనా?"

"చెక్కమన్నారమ్మా."

"అంటే?"

వాడు నోరు విప్పేలోపు నేనే అందుకున్నాను. "అంటే ఏంటే? పెట్టే ఉద్దేశం లేకుండా చూసి మురవడానికి చెక్కిస్తారా? వీడి చేతిలో పడిన ఇంజను ఏదైనా కారెక్కకుండా ఆగిందా?"

పక్కనే ఉన్న అల్లుడు మా తమ్ముడి ముఖం చూశాడు. "మీరేమంటారు బాబాయ్?"

"ఇంజను ముందు పుడుతుంది అబ్బాయ్. దాని చుట్టూ కారు కడతారు. ఇన్నేళ్లుగా చూస్తున్నదే కదా. మనదే అవుతుంది."

అప్పటిదాకా వాడి నోట అంత పొడుగు మాట నేను వినలేదు.

పదకొండో తారీఖున కర్ర ఇంజను తయారైంది. ఇద్దరు మోసుకెళ్లి కారు బాడీలో దించారు. ఆ పూట అన్నం పెడుతూ అడిగాను, కుదిరిందా అని. "బాగానే కూర్చుంది," అన్నాడు. పదిహేను దాటింది. అల్లుడు పంపులవాళ్లకు రానని రాసేశాడు.

రెండు నెలలకు టీవీలో కారు చూపించారు. మోటారు. బ్యాటరీ కింద నేలలో ఉందట. మా తమ్ముడు కంచం ముందు కూర్చుని మెల్లగా చెప్పాడు.

"కర్ర ఇంజను మీద బానెట్ మూత పడలేదక్కా, ఆ రోజే. రెండు వేళ్లు పైకి లేచింది. రేకే కదా, ఎత్తుగా వంచుతారులే అనుకున్నా. ఇప్పుడు కారు ఆకారమే ముందు గీస్తారంట. అందులో పట్టేదే పెడతారంట."

"రెండు వేళ్ల సందు చూసినవాడివి, నోరు రెండు వేళ్లు తెరవలేకపోయావా? నా కూతురి కాపురం నడిరోడ్డున పెట్టావు కదరా."

ముందుగా నోరు పారేసుకున్నది నేనే. ఆ నిమిషంలో అది గుర్తులేదు. గుర్తున్నా ఒప్పుకునేదాన్ని కాదు.

వాడు కంచం కడిగి బోర్లించి వెళ్లాడు. మర్నాటి నుంచి తినడానికి రాలేదు.

షెడ్డు మూసేశారు. పంపుల ఫ్యాక్టరీలో ఆ ఉద్యోగం అప్పటికే ఇంకొకరికి పోయింది. అల్లుడు ఇప్పుడు గోడౌన్లో మూటలు ఎత్తుతున్నాడు, నడుముకు పట్టీ వేసుకుని. వాడు మా తమ్ముణ్ని పల్లెత్తు మాట అనలేదు. ప్రతి ఆదివారం క్యారేజీ పట్టుకుని బాబాయి గదికి వెళ్లేవాడు. ఆ క్యారేజీ సర్దేది నేనే. ఆ కూర ఎవరి చేతిదో మా తమ్ముడికి తెలియకపోదు. రమ్మని మాత్రం నేను కబురు పెట్టలేదు. రెండు గుమ్మాలు దాటి నేనూ వెళ్లలేదు.

ఏడాదిన్నర తర్వాత ఒక పొద్దున వాడు లేవలేదు. గుండె అన్నారు.

వచ్చినవాళ్లలో నేనెరగని మనిషి ఒకాయన ఉన్నాడు. పంపుల ఫ్యాక్టరీ ఫోర్‌మన్‌నని చెప్పాడు.

"మీ తమ్ముడుగారు మా గేటు దగ్గరకు ఐదారుసార్లు వచ్చారమ్మా, మీ అల్లుడికి ఏదో ఒక పని ఇమ్మని. ఫిట్టరు పని ఖాళీ లేదు, మీరే రండి, నమూనాలు చెక్కేవాళ్లు దొరక్క ఛస్తున్నాం అని మేమే బతిమాలాం."

"మరి వాడేమన్నాడు?"

"అబ్బాయికి లేని చోట నేనెలా కూర్చుంటానండీ, అన్నారు. చివరిసారి వచ్చినప్పుడు లోపలికి కూడా రాలేదు. గేటు బయట కాసేపు నిలబడి వెళ్లిపోయారు."

ఇది జరిగి ఆరు నెలలైంది. అల్లుడికి చెప్పాలి. ప్రతి ఆదివారం అనుకుంటాను. ఇంతవరకు చెప్పలేదు.