మేనేజరు గారి కాఫీ

గవర్నర్‌పేటలో లారీల కంపెనీ మేడమీద కంప్యూటరు ప్రోగ్రాములు రాసే నలుగురికి బాలశౌరి మేనేజరు. కంప్యూటరేమో మద్రాసులో ఉంది. ప్రోగ్రామంటే ఏమిటో ఆయనకు తెలియదు, తెలుసని ఎన్నడూ అనలేదు కూడా. పొద్దున్నే వచ్చి గుమ్మం పక్కన కుర్చీ వేసుకుంటాడు. ఓనరు రామకోటేశ్వరరావు గారు మెట్లెక్కే చప్పుడు వినపడగానే ఎదురెళ్ళి, "ముందు కాఫీ తాగొద్దాం రండి" అని కిందికి తీసుకుపోతాడు. రోజూ ఇదే తంతు.

"కాఫీ తాగడానికి కూడా జీతమిస్తారన్నమాట," అని ఆ నలుగురిలో ఒకరైన ఛాయాదేవి ఒకరోజు కార్డులకు చిల్లులు కొట్టే తన మిషను దగ్గర్నుంచి ఆయన వినేటట్టే అంది. బాలశౌరికి ఒళ్ళు మండింది. ఆ కాఫీలతో కడుపులో మంట ఉండనే ఉంది, దానికి ఇదొకటి తోడు. ఆ కాఫీలు ఎందుకో చెబితే సొంత డబ్బా కొట్టుకున్నట్టుంటుందని ఊరుకున్నాడు.

గుణదల తిరునాళ్ళకు ఇంటినిండా చుట్టాలు దిగడంతో ఆయన వారం రోజులు సెలవు పెట్టాడు. తిరిగొచ్చేసరికి గదిలో అందరి మొహాలూ వేలాడుతున్నాయి. అన్నాళ్ళూ ఓనరు గారు అక్కడే తిష్ఠ వేశారట. ప్రోగ్రామంతా చిల్లులు కొట్టిన అట్టకార్డుల మీద ఉంటుంది, వాటి వరస తప్పకూడదు. అందరూ భోజనాలకు వెళ్ళినప్పుడు ఆయన ఆ దొంతర ముందేసుకుని, చిల్లులు తక్కువున్నవి పైకి, ఎక్కువున్నవి అడుగుకి ముచ్చటగా సర్ది, స్వయంగా మద్రాసు పంపించారట. అక్కడి కంప్యూటరుకు ఒక్క ముక్క అర్థంకాక పార్సెలు వెళ్ళింది వెళ్ళినట్టే తిరిగొచ్చింది.

ఇంతలో మెట్లమీద చెప్పుల చప్పుడైంది. ఛాయాదేవి లేచి నిలబడి, గొంతు తగ్గించి అంది.

"సార్, మీ కాఫీ వేళయిందండీ."