నూనె తల, నిలవని వైర్లు

ఈ రోజు మా అమ్మాయి సుజాతను యంత్రంతో నడిపించారు. నిరుడు బండి ప్రమాదంలో మా పెద్దబ్బాయి పోయాడు. వెనక కూర్చున్న సుజాతకు కాళ్లలో పట్టు పోయింది. పై ఊరి డాక్టర్లు యానాంకు తెచ్చిన ఈ యంత్రం కాళ్లను పట్టుకుని అడుగులు వేయిస్తుంది. అప్పుడు మెదడు కూడా నడవాలని ప్రయత్నిస్తోందో లేదో తలకు వైర్లు పెట్టి చూస్తారు. ప్రయత్నం కనిపిస్తేనే రోజూ నడిపిస్తామన్నారు.

పొద్దున్నే సుజాత తలకు బాగా నూనె రాసి, జడ వేసి తీసుకెళ్లాను. వైరు ఒక్కటీ నిలవలేదు.

"నూనె రాయొద్దని చెప్పేం కదండీ" అంది పరీక్ష చేసే అమ్మాయి.

"రేగిన జుట్టుతో ఆడపిల్లని నలుగుర్లోకి ఎలా తెత్తామండి?" అన్నాను.

"పెళ్లిచూపులనుకుందండి మా అమ్మ" అంది సుజాత.

కుళాయి దగ్గర రెండుసార్లు షాంపూతో కడిగాను. వైర్ల టోపీ పెట్టి యంత్రం నడిపారు. చాలాసేపు తెర మీద ఏమీ తేడా లేదంది ఆ అమ్మాయి. తర్వాత ఉన్నట్టుండి, "ఇదిగో, ఇప్పుడు ప్రయత్నిస్తందండి" అంది. నాకు ఆ గీతలు తెలియవు. ఆమె ముఖం చూసి నమ్మాను.

"ఇందాక ఏం తలుచుకున్నావమ్మా?" అని సుజాతను అడిగింది.

"అన్నయ్య ముందు నడుత్తున్నాడనుకున్నానండి. ఎప్పుడూ నన్నొదిలేసి గబగబా పోయేవోడు."

రేపటి నుంచి రోజూ రమ్మన్నారు. నూనె లేకుండా జడ కుదురుగా వేయడం మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.