చింత పురుగూ, చౌడక్క చెయ్యీ

పెనుకొండ చుట్టుపక్కల పల్లెల్లో వేరుశెనగ విత్తేవాళ్లు తొలి గుప్పెడు చౌడక్క చేత వేయించుకుంటారు. ఆమె చెయ్యి మంచిదని పేరు. ఆ మాట ఎవరన్నా చౌడక్క నవ్వి, ధర్మవరం దిక్కు తిరిగి దండం పెడుతుంది. ఆడ ఏ దేవుడున్నాడమ్మా అని అడిగితే, "ఆడ మా సలోమి మేడం ఉండాది" అంటుంది. ఏటా చింతకాయల కాలంలో పుచ్చిన కాయలు ఏరి, సంచికెత్తి ఆ మేడమ్‌కు పంపుతుంది కూడా. మంచి కాయలు కాదు, పుచ్చినవే. ఆ కథ తెలియాలంటే, ఆ మంచి చెయ్యే ఒకప్పుడు విత్తనాల గది గడప దాటకూడని చెయ్యి అని తెలియాలి.

చౌడక్క పుట్టిల్లు చిలమత్తూరు దగ్గర. చేనుగట్ల నిండా చింతచెట్లు. కాయ రాల్చి, పండు ఒలిచి హిందూపురం మార్కెట్టుకు తోలడమే ఆ ఇంటి వేసవి. తొంభైల మొదట్లో సుంకన్నను చేసుకుని ఈ ఊరొచ్చింది. ఈ ఇంట్లో చింతచెట్టన్నది లేదు, వేరుశెనగే అన్నం పెట్టేది. చెల్లెలు పులుపు లేనిదే సంగటి ముద్ద ఎత్తదని ఆమె అన్నకు బెంగ. అందుకని ఏటా చింతకాయలు మూటలు కట్టి, ఒలవకుండా కాయ కాయగానే, బస్సుకెత్తి పంపేవాడు.

అత్త గోవిందమ్మ నోరు కాస్త పెద్దదే గానీ మనసు అంతకన్నా పెద్దది, మర్యాద తెలిసిన మనిషి. కోడలి పుట్టింటి సొమ్మును పశువుల పాకలో పడెయ్యడం ఆమెకు తలవంపులు. ఇంట్లో అన్నిటికన్నా పొడిగా, ఎలుక కూడా దూరలేనట్టుగా ఉండేది విత్తనాల గది. అందులో, విత్తనం కాయల పక్కనే ఆ మూటలు పెట్టించేది.

తొలకరికి విత్తనం మూట విప్పితే కాయ కాయకూ బొక్క. పై ఏడూ అంతే, ఆ పై ఏడూ అంతే. వేపాకు వేశారు, బూడిద కలిపారు. పురుగు మాత్రం అల్లుడిలా తిని కూర్చుంది. గోవిందమ్మ ఆలోచించి ఒకటే తేల్చింది.

"ఈ పిల్ల రాకముందు మా ఇత్తనానికి పురుగు పట్టిందే లేదు. దీని చెయ్యి మంచిది కాదు."

ఇంటి కోడలే ఒడి కట్టుకుని, విత్తే గొర్రు వెనక తొలి గుప్పెడు వెయ్యడం ఆ పక్క ఆచారం. గోవిందమ్మ కోడలిని పక్కన పెట్టి పొరుగింటి ముత్యాలమ్మను పిలిచేది. చౌడక్క గట్టు మీద సద్దిగంప దగ్గర కూర్చుని చూసేది. తిట్లయితే ఎన్నయినా ఓర్చుకునేది. సొంత చేలో పరాయిదై కూర్చోవడం మాత్రం ఓర్చుకోలేకపోయింది. పోనుపోను ఆమెకే అనుమానం మొదలైంది, నిజంగా తన చేతిలో ఏదైనా ఉందేమోనని. ఆ దిగులు మొగుడికి కూడా చెప్పుకోలేదు.

ఓ వేసవి మొదట్లో సలోమి వచ్చింది. ధర్మవరం పిల్ల, పెద్ద చదువు కోసం గింజలు తినే పురుగుల వెంట తిరుగుతోంది. ఏ పురుగు ఏ చెట్టు కాయ తింటుంది, ఆ పురుగుల్లో ఎవరికి ఎవరు చుట్టం అన్నది ఆమె తేల్చుకోవాలి. ఇంటింటికీ వెళ్లి పుచ్చిన కాయలుంటే పెట్టమని అడుగుతుంటే గోవిందమ్మ పగలబడి నవ్వింది.

"సదువుకుంటే పుచ్చులు ఏరుకోవల్లని తెలిసింటే, మా పిల్లోల్లను బడికే పంపకపోతుమి గదమ్మా! పో, మా గదిలో కావల్సినన్ని ఉండాయి."

చౌడక్క దారి చూపించి గడప దగ్గర ఆగిపోయింది. లోపలికి రమ్మంటే తల అడ్డంగా ఊపి, రాకూడదంటూ సంగతి చెప్పింది. సలోమి లోపలికెళ్లి వేరుశెనగ కాయలు దోసిట్లో వెలుతురుకు తెచ్చింది. పొట్టు మీద తెల్లగా కాగితం పొరలాంటి చిన్న గూళ్లు. చింతకాయల మూట విప్పి చూస్తే ఆ పెంకుల మీదా అవే గూళ్లు. రెండూ తెచ్చి గోవిందమ్మ ముందు పోసింది.

"అవ్వా, మీ అలసందల్లో పట్టే పురుగు గింజలోనే రెక్కలొచ్చి బయటికొస్తాది. ఇది అట్ల కాదు. పిల్లపురుగు కాయను తొలుచుకోనొచ్చి, కాయ మీద గూడు కట్టుకుంటాది. దీని దగ్గరి చుట్టాలన్నీ తుమ్మకాయ, చింతకాయ తిని బతికేటివే. అలసంద పురుగు దీనికి దూరపు దాయాది."

"శెనక్కాయ చెట్టెక్కి కాస్తుందా ఏంది?"

"శెనక్కాయ సముద్రం దాటొచ్చిన పైరు అవ్వా. అయినా చింతా, తుమ్మా, అదీ ఒకే వంశం. పక్కనే శెనక్కాయ మూట కనిపిస్తే ఈ పురుగు అందులో కాపురం పెట్టేసింది."

"కాకమ్మ కతలు" అంది గోవిందమ్మ.

సలోమి అంగట్లో తెచ్చిన మంచి వేరుశెనగ కాయలు రెండు సీసాల్లో పోసింది. ఒకదాంట్లో చింతకాయల్లో దొరికిన పురుగుల్ని వదిలింది. రెండింటి మూతికీ గుడ్డ కట్టి అత్త చేతికిచ్చింది. సుంకన్న ఎందుకైనా మంచిదని చింతకాయల్ని పాకలోకి మార్చి, విత్తనం కాయలు ఏరి ఎండబెట్టాడు. గోవిందమ్మ మాత్రం కోడలి చెయ్యి తగిలితే ఎలాగని సీసాలను తన పెట్టెలో పెట్టి తాళం వేసుకుంది.

వానలకు ముందు సలోమి మళ్లీ వచ్చింది. ఇరుగుపొరుగు మూగారు. పెట్టె తెరిస్తే, ఒక సీసాలో కాయ కాయకూ బొక్క, తెల్లటి గూళ్లు. రెండో సీసా కాయలు పోసినవి పోసినట్టే ఉన్నాయి. తాళం వేసిన పెట్టెలోకి కోడలి చెయ్యి పోలేదని అత్తకన్నా బాగా ఎవరికి తెలుసు?

"ఇంతకీ చింతకాయలు ఇత్తనాల గదిలో ఎవరు పెట్టినారక్కా?" అని అడిగింది సలోమి, తెలియక.

గోవిందమ్మ తల దించుకుంది. ఇన్నేళ్ల మాటలు చౌడక్క నాలుక చివరకొచ్చాయి. అత్త మెడ వంగిపోవడం చూసింది. ఆ గది తలుపు తన పుట్టింటి మూటల కోసం తెరుచుకున్న రోజులు గుర్తొచ్చాయి.

"మా అత్తే పెట్టించింది మేడం. మా పుట్టింటి సొమ్మని, ఇంట్లో మంచి తావు సూసి పెట్టించింది."

దెప్పుతూ అన్న మాట కాదది. ఆ గౌరవానికి ఆమె నిజంగానే రుణపడి ఉంది. గోవిందమ్మ లేచి లోపలికి పోయింది.

వాన పడింది. చేలో గొర్రు కట్టారు. ఎప్పటిలాగే ముత్యాలమ్మ కొంగు బిగించి వచ్చింది.

"నువ్వుండు ముత్యాలూ" అని గోవిందమ్మ గట్టు వైపు తిరిగింది. "ఏమే చౌడీ, ఈడికి రా. ఒడి పట్టు."

చౌడక్క ఒడి పట్టింది. గోవిందమ్మ చేటతో గింజలు పోసింది.

"మూటలు ఆడ పెట్టించింది నేను. మాట పడింది నువ్వు. ఇంక ఎయ్యమ్మా."

చౌడక్క కళ్ల నీళ్లతోనే తొలి గుప్పెడు వేసింది. ఎడ్లు కదిలాయి. గట్టు మీద సద్దిగంప దగ్గర ఆ రోజు గోవిందమ్మ కూర్చుంది.