స్క్రూ మీది స్టిక్కరు

పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడం నా పని. మల్కాజ్‌గిరిలో మేడమీద రేకుల గది, ఒక కంప్యూటర్, ఒక టేబుల్ ఫ్యాను. ఐదేళ్లుగా ఆ గదిలో నేనొక్కణ్ణే. అంతకుముందు ఇద్దరం ఉండేవాళ్లం. మౌలాలి నుంచి రోజూ బస్సెక్కి వచ్చేవాడు నా దోస్తు. ఒకే డబ్బాలో తినేవాళ్లం. ఉల్లిపాయ ముక్కలన్నీ నా వైపు తోసేవాడు.

వాడు రావడం ఎందుకు మానేశాడో చెప్పాలంటే నా నోటి సంగతి చెప్పాలి. ఒకసారి ఇంట్లో తన కంప్యూటర్లో అర్జంటు పని ఉందని నా కంప్యూటర్లోని గ్రాఫిక్స్ కార్డును వారం రోజులు పట్టుకెళ్లాడు. వీడియోలను గబగబా తయారు చేసిపెట్టేది ఆ కార్డే. తిరిగి తెచ్చి బిగించిన మూడో రోజు నుంచి అది పెనంలా కాలిపోవడం, కంప్యూటర్ టక్కున ఆగిపోవడం మొదలైంది. అది మే నెల. నెత్తిన రేకులు. ఆ ముక్క నా బుర్రకు తట్టలేదు. కార్డు విప్పి లోపలి సామాను మార్చుకున్నాడని తీర్మానించేశాను. విప్పలేదన్నాడు వాడు. నేనెక్కడ వింటాను? మౌలాలి వెళ్లి, వాళ్ల గుమ్మంలో నిలబడి, వాళ్లమ్మ వింటుండగా దొంగబుద్ధి అన్నాను.  వాడు మళ్లీ నా గడప తొక్కలేదు.

ఈ ఐదేళ్లూ కంప్యూటర్ డబ్బా మూత తీసేసి, ఫ్యానును దాని వైపే తిప్పిపెట్టి నెట్టుకొచ్చాను. గాలంతా దానికి, చెమటంతా నాకు. మొన్న ఆదివారం మధ్యాహ్నం ఒక పెళ్లి వీడియో తలంబ్రాల దగ్గరే నాలుగుసార్లు ఆగిపోయింది. ఇక లాభం లేదని పేస్టు మార్చడానికి కూర్చున్నాను. కార్డులోని చిప్పుకూ, దాని వేడిని లాగేసే లోహపు దిమ్మెకూ మధ్య ఒక పేస్టు రాస్తారు. ఏళ్లు గడిస్తే అది ఎండిపోతుంది. చిప్పు చుట్టూ ఉన్న నాలుగు స్క్రూలు తీస్తే దిమ్మె ఊడి వస్తుందని ఫోన్లో చూసుకున్నాను.

కార్డు బోర్లించి గుడ్డతో దుమ్ము తుడిచాను. మూడు స్క్రూలు కనిపించాయి. నాలుగోదాని తల మీద గుండ్రంగా, కందిగింజంత తెల్ల స్టిక్కరు ఉంది. కంపెనీవాళ్లు అంటించింది. దాన్ని చింపకుండా ఆ స్క్రూ తిరగదు. స్టిక్కరు మీద అక్షరం చెదరలేదు. అంచు కూడా లేవలేదు.

 వాడు విప్పలేదు. ఎవరూ విప్పలేదు. ఆ రోజు కార్డును ఒక్కసారి వెనక్కి తిప్పి చూసుంటే సరిపోయేది. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఫోటో తీశాకే స్టిక్కరును పొడిచాను. లోపల పేస్టు ఎండిన సున్నంలా పెచ్చులు కట్టి ఉంది. స్పిరిట్‌తో తుడిచి, శనగగింజంత కొత్త పేస్టు పెట్టి బిగించాను. ఫ్యాను నా వైపు తిప్పుకున్నాను. వీడియో అప్పగింతల దాకా ఒక్కసారీ ఆగలేదు. చూశావురా అనబోయి పక్కకు తిరిగాను. వాడి కుర్చీలో నా ఉతకని బట్టలున్నాయి.

ఆ ఫోటో వాడికి పంపి, తప్పు నాదేనని రాశాను. గంట తర్వాత వాడే ఫోన్ చేశాడు.

"విప్పలేదని ఆ దినమే చెప్పిన గదరా. స్టిక్కర్ చెప్తే నమ్మినవ్. నేను చెప్తే నమ్మకపోతివి," అన్నాడు.

క్షమించమన్నాను. రేపే వచ్చి అమ్మకు కూడా చెప్పుకుంటానన్నాను. 

"అమ్మ పోయి రెండేండ్లాయె. ఆమె సుత ఒకసారి అడిగింది, నిజంగనే విప్పినవా బిడ్డా అని."

 కార్డు ఇప్పుడు మంచిగ నడుస్తుందా అని అడిగాడు. నడుస్తోందన్నాను. సరే అని పెట్టేశాడు.