లక్సర్ బల్ల మీద టిష్యూ ప్యాకెట్

నేను సింగపూర్‌లో, రాఫెల్స్ ప్లేస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న రోజులవి. సెలవు దొరకడమే గగనం. ఎలాగో వారం సంపాదించి అమ్మనూ, ఎనిమిదేళ్ల మా అమ్మాయి మహినీ ఈజిప్టు తీసుకెళ్లాను.

లక్సర్‌లో ఒక రాజుగారి సమాధి బయట, నీడలో ఒకే ఒక్క బల్ల ఉంది. మెట్లు దిగి ఎక్కి వచ్చాక అమ్మ మోకాళ్లకు అది కావాలి. మహి దాని మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి, "డోంట్ వర్రీ లా నాన్నా, చోప్ చేశా" అంది సింగపూర్ యాసలో. సింగపూర్‌లో మేం తినే హాకర్ సెంటర్లలో, అంటే చవక తిండి దుకాణాల దగ్గర, ఇలా సీటు అట్టేపెట్టుకోవడాన్నే చోప్ అంటారు. అక్కడ ఆ ప్యాకెట్‌ను ఎవరూ ముట్టుకోరు. అందుకే నేనూ ధీమాగా లోపలికి నడిచాను.

తిరిగొచ్చేసరికి బల్ల మీద ముసలి కాపలాదారు కూర్చున్నాడు. "మర్చిపోయారు" అంటూ ప్యాకెట్ అందించాడు. మహి పద్ధతంతా ఇంగ్లీషులో వివరించింది.

"కాగితం కూర్చుని మనిషి నిలబడాలా?" అని ఆయన పకపకా నవ్వాడు. పక్కకు జరిగి అమ్మను కూర్చోబెట్టి, తన ఫ్లాస్కులోంచి టీ పోశాడు.

వచ్చేస్తూ మహి ఆ ప్యాకెట్ ఆయనకే ఇచ్చేసింది. ఆయన దాన్ని తన చోట పెట్టి, మాకు కన్నుగీటి, టిక్కెట్లు చూడ్డానికి వెళ్లాడు. మరుక్షణం ఎవరో యాత్రికురాలు వచ్చి, అందులోంచి ఒక టిష్యూ లాగి, బల్ల తుడుచుకుని హాయిగా కూర్చుంది.