స్తంభాలకు స్వెటర్లు

మా వదిన కరెంటు స్తంభానికి స్వెటర్ అల్లింది. నవ్వొస్తోందా? నాకూ వచ్చింది. అప్పుడు నవ్వినందుకు ఇప్పుడు నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

సొంత వదిన కాదు. మా కొట్టుకి ఎదురు వరసలో మూడో ఇల్లు వాళ్ళది. మొగుడూ పెళ్ళాం ఇద్దరే. ఆయన ముప్పై రెండేళ్ళు ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్ల రీడింగు తీసి రిటైరయ్యారు. వీధిలో అందరికీ ఆయన మీటరాయన, నాకు అన్నయ్యగారు. వదిన పసిపిల్లల టోపీలు, మేజోళ్ళు క్రోషేతో అల్లి బజారులో దుకాణానికి ఇచ్చేది. కబుర్లాడుతూనే వరసలు లెక్కపెట్టుకునేది, ఒక్క కుట్టు తప్పేది కాదు.

నాది దారాల కొట్టు. గుండీలు, జిప్పులు, లేసులు, ఊలు. గోరంత గుడ్డపీలిక తెస్తే చాలు, దానికి సరిపోయే దారం చిటికెలో తీసిచ్చేస్తాను. మ్యాచింగులో నా అంతటిది లేదని నాకు మహా పొగరు. నోరు కూడా పెద్దదే. దీని నోట్లో నువ్వుగింజ నానదని మా ఆయన పదిమందిలో అంటాడు. అబద్ధం కాదు.

అప్పట్లో నాకు తెలియని సంగతి ఒకటి మీకు ముందే చెప్పేస్తాను. అన్నయ్యగారికి మతిమరుపు వచ్చింది. కళ్ళజోడు ఎక్కడ పెట్టానో అనే రకం కాదు, ఇంటి దారి మరిచిపోయే రకం. ఊళ్ళో ప్రతి గుమ్మం తెలిసిన మనిషి, ఒకరోజు మా వీధి మలుపులో నిలబడి ఎటు తిరగాలో తెలియక ఏడ్చారట. పొద్దున పది గంటలకు లైబ్రరీకి వెళ్ళి పేపరు చదువుకుని పన్నెండుకి తిరిగి రావడం ఆయనకు మిగిలిన ఒకే ఒక సరదా. డాక్టరు ఒంటరిగా పంపొద్దన్నాడు. వదినకి మనసొప్పలేదు. "చిన్నపిల్లాణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళినట్టు తీసుకెళ్తే ఆ మనిషి బతకడు" అనుకుంది. అందుకని దారి పొడవునా ఊలు తొడుగులు వేసింది, ఆయన వాటిని చూసుకుంటూ ఇంటికి వచ్చేలా. ఈ గుట్టు ఆవిడకీ ఆయనకీ తప్ప మూడో మనిషికి తెలియదు.

నా దగ్గరికి వచ్చి అడిగింది మాత్రం ఇంతే. "ఎండకి వెలవకూడదు, వానకి రంగు దిగకూడదు, దూరానికి కనబడాలి. అలాంటి ఊలు ఉందా?"

"ఏం చేస్తావు వదినా?"

"స్తంభానికి తొడుగుతాను."

"మనుషులకే దిక్కు లేదు, స్తంభానికి చలేస్తోందా తల్లీ!"

"ఊరికే, పొద్దుపోవడానికి" అని తల దించుకుంది. నేను నారింజ రంగు ఊలు తీసిచ్చాను.

స్తంభానికి స్వెటర్ పైనుంచి తొడగలేం కదా. టేపుతో చుట్టుకొలత తీసుకుని, ఊలు సాగుతుంది కాబట్టి రెండు వేళ్ళు తగ్గించి, పట్టీలాగా అల్లి, అక్కడే నిలబడి పెద్ద సూదితో అంచులు కలిపి కుట్టేసింది. మలుపులో స్తంభం అయ్యాక చేతిపంపు పిడికి మణికట్టు దగ్గర ముడతలతో సహా చొక్కా చెయ్యి అల్లింది. బెంచీ చేతికి గుండీలు పెట్టింది. పోస్టు డబ్బాకి కుచ్చు టోపీ. సైకిల్ స్టాండు కమ్మీకి మేజోడు. ఆఖరిది లైబ్రరీ గేటుకి. మా వీధిలో టైలరు మామయ్య అయితే "నా పొట్ట కొడతావా అమ్మా, ఇక మనుషులు కూడా నీ దగ్గరికే వస్తారు" అని రోజూ ఏడిపించేవాడు. వీధంతా నవ్వింది, నవ్వుతూనే ముచ్చటపడింది. అన్నయ్యగారు వెళ్తూ వస్తూ ప్రతి తొడుగునీ అరచేత్తో ఒకసారి తడిమేవారు. పెళ్ళాం చేతిపని చూసుకుని మురిసిపోతున్నారు, వయసైనా ఎంత ప్రేమో అనుకున్నాను. నా మొహం!

మొదటి పదిరోజులూ వదిన వెనకాల దూరంగా నడిచిందట. పదకొండో రోజు నుంచి గుమ్మంలోనే కూర్చుని అల్లుకుంటూ ఎదురుచూసేది. మూడు నెలలు ఆయన ఒక్కరోజు కూడా తప్పిపోలేదు.

ఇక నా నిర్వాకం వినండి. మున్సిపాలిటీ వాళ్ళు అందమైన వీధికి బహుమతి అన్నారు. నాకు ఒళ్ళు పొంగిపోయింది. మన వీధిలో ఇంత అందం ఉంది, కానీ లైబ్రరీ దగ్గరే ఆగిపోయింది. అటు పక్క బస్టాండు రోడ్డు బోసిగా ఉంది, వచ్చేవాళ్ళు ముందు చూసేది దాన్నే కదా! మా వీధిలోనే ఉండే టీచరమ్మనీ, మరో ఇద్దరినీ కూడగట్టాను. వదినకి చెప్పలేదు. చెబితే వద్దంటుందేమోనని కాదు, ఒక్కసారిగా చూపించి ఆశ్చర్యపరుద్దామని. జన్మలో మొదటిసారి నోట్లో మాట దాచుకున్నాను, చూడండి నా ఖర్మ.

టీచరమ్మ తలో రంగు వేద్దామంది. "ఛ, కలవకపోతే అసహ్యంగా ఉంటుంది" అని నేనే పట్టుబట్టాను. అదే కంపెనీ, అదే నంబరు నారింజ రంగు ఊలు తెప్పించాను. వదిన అల్లిక చూసి అలాగే అల్లించాను. ఆవిడ స్తంభానికి వేసిన తొడుగు మగమనిషి ఛాతీ ఎత్తులో ఉందని గమనించి, టేపు పెట్టి కొలిచి మరీ మావీ అదే ఎత్తులో కుట్టించాను. ఎందుకు ఆ ఎత్తు అని ఒక్కసారైనా ఆలోచించానా? నా బుద్ధి గడ్డి తింది. లైబ్రరీకి సెలవైన ఆదివారం పదకొండు తొడుగులు వేశాం. లైబ్రరీ పక్క స్తంభంతో మొదలై బస్టాపు స్తంభం దాకా.

సోమవారం ఒంటిగంట దాటింది. వదిన చెప్పులు కూడా లేకుండా కొట్టుకి పరిగెత్తుకొచ్చింది. చేతిలో అల్లిక సూది అలాగే ఉంది.

"లైబ్రరీ అవతల ఆ తొడుగులు ఎవరు వేశారు? నీకు తెలుసా?"

నేను నవ్వుమొహంతో కౌంటరు దాటి వచ్చాను. "నేనే వదినా! ఏది నీదో ఏది మాదో పోల్చుకోగలిగావా? నువ్వే కనిపెట్టలేవని పందెం కట్టాను!"

వదిన మెట్టు మీద కూలబడిపోయింది. అప్పుడు చెప్పింది, అంతా. పన్నెండుకి రావలసిన ఆయన ఇంకా ఇల్లు చేరలేదని కూడా.

"నాతో ఒక్క మాట చెప్పి ఉంటే..." అన్నాను.

"నీతో చెబితే సాయంత్రానికి ఊరంతా ఆయన్ని పిచ్చాడంటుంది" అంది. కోపంగా అనలేదు. ఉన్నమాట అంది.

వీధి వీధంతా వెతికాం. మా పదకొండు తొడుగుల వెంటే బస్టాపు దాకా పరిగెత్తాం. అక్కడ పళ్ళు అమ్మే ఆమె చూసిందట. ఆ స్తంభాన్ని పట్టుకుని చాలాసేపు నిలబడి, "ఇల్లు ఇక్కడే ఉండాలే" అనుకుంటూ పెద్దరోడ్డు ఎక్కేశారట. పోలీసులకి చెప్పాం. మర్నాడు మధ్యాహ్నం, ఊరికి ఆరు మైళ్ళ అవతల, లారీలు బాగుచేసే షెడ్ల దగ్గర దొరికారు. పాదాలు పగిలి రక్తం కారుతోంది. అక్కడి మెకానిక్కు చెప్పాడు. ఆ చుట్టుపక్కల కనబడిన ప్రతి ఇంటి గోడ దగ్గరా ఆగి, మీటరు మీద నంబరు చదివి, "ఇది మాది కాదు" అని తలూపి ముందుకు నడిచారట. అన్నీ మరిచిపోయిన మనిషికి సొంత ఇంటి మీటరు నంబరు మాత్రం గుర్తుంది. అది తలుచుకున్నప్పుడల్లా నాకు అన్నం దిగదు.

ఆ సాయంత్రమే వెళ్ళి మేం వేసినవన్నీ కత్తెరతో కోసి పారేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. ఆయన మళ్ళీ లైబ్రరీకి వెళ్ళలేదు. వదిన పంపలేదు. ఆ ఒక్క రాత్రితో ఆవిడ ధైర్యం పోయింది, ఆయనలో మిగిలిన కాస్త జ్ఞాపకమూ పోయింది.

పదిహేను రోజులు వాళ్ళ గుమ్మం తొక్కడానికి నాకు మొహం చెల్లలేదు. పదహారో రోజు వదిన మందుల సంచితో వస్తుంటే ఎదురెళ్ళి, రోడ్డు మీదే చేతులు పట్టుకున్నాను. "నన్ను తిట్టు వదినా. నాలుగు తన్ను. ఇలా మాట్లాడకుండా ఉండకు."

"నిన్ను తిట్టి నేనేం బావుకుంటాను? లోపలికి రా, ఎండలో నిలబడకు" అంది.

బయట తలుపుకి పెద్ద తాళం వేలాడుతోంది. వదిన సంచి నా చేతికిచ్చి తాళం తీసింది. తలుపు వెనకే అన్నయ్యగారు నిలబడి ఉన్నారు. ఇస్త్రీ చొక్కా, చెప్పులు వేసుకుని తయారుగా ఉన్నారు. ఎంతసేపటి నుంచి నిలబడ్డారో. నన్ను చూసి రెండు చేతులూ జోడించారు.

"అమ్మా, మీరెవరో గానీ మంచివాళ్ళలా ఉన్నారు. నన్ను కాస్త మా ఇంటి దగ్గర దింపుతారా?"

వదిన ఆయన భుజం మీద చెయ్యి వేసి, "ఇదే కదండీ మన ఇల్లు" అంది.

ఆయన ఆవిడ వైపు తిరిగారు. పరాయి ఆడమనిషితో మాట్లాడినట్టు ఎంతో మర్యాదగా అన్నారు.

"కాదమ్మా. మా ఇంట్లో నన్ను తాళం వేసి ఉంచరు. మా ఆవిడ నన్ను ఒక్కణ్ణే పంపుతుంది."