తుడిచిన సీసా

ఐటీ మంచి ఊపు మీదున్న రోజులు. అయినా నా కాంట్రాక్టు ఆ నెలాఖరుతో సరి. పొడిగిస్తే నేనూ మా ఆవిడా ఈ పరాయి దేశంలో, బుకిట్ పంజాంగ్ ఫ్లాట్‌లో ఉంటాం, లేదంటే పెట్టెలు సర్దుకుని ఇంటిదారి పట్టాలి. సంతకం పెట్టాల్సింది మా మేనేజర్. ఆయనది హంగరీలో టొకాయ్ అనే వైన్ ఊరు. చీరాలలో కిరాణా కొట్టు గల్లా పక్కన పెరిగినవాణ్ణి, గిరాకీని ఎలా మెత్తబరచాలో నాకొకరు చెప్పాలా? భోజనానికి పిలిచాను. మా ఆవిడ పులిహోర చేసింది.

ఆయన తనుండే బిషాన్ నుంచి ఒక వైన్ సీసా పట్టుకొచ్చాడు. ఒళ్ళంతా నల్లటి బూజు. నా చేతికిచ్చి బాత్రూంలోకి వెళ్ళాడు.

"ఏమండీ, అమ్ముడుపోని సరుకు మనకి అంటగట్టాడు," అంది మా ఆవిడ. ఆవిడా కొట్టువాళ్ళ పిల్లే.

దుమ్ముపట్టిన డబ్బా మనిషి ముందు పెట్టకూడదని నాన్న నేర్పాడు. తడిగుడ్డతో సీసాను తళతళలాడించాను.

ఆయన వచ్చి సీసానీ గుడ్డనీ చూసి కుర్చీలో కూలబడ్డాడు. అప్పుడు చెప్పాడు. వాళ్ళ ఊళ్ళో వందల ఏళ్ళ కిందటే కొండను తొలిచి నేలమాళిగలు చేశారట. గోడలకు పట్టే ఆ నల్లబూజే వైన్‌ను కాపాడుతుందని నమ్మకమట, ఎవరూ తుడవరట. ద్రాక్ష తీగ మీదే బూజుపట్టి ముడుచుకుపోయేదాకా ఆగి, ఆ పండ్లనే ఒక్కొక్కటీ ఏరి వైన్ చేస్తారట. ఈ సీసా వాళ్ళ తాతగారి మాళిగలోదట.

మా ఆవిడకు తెలుగులో చెప్పాను.

"కుళ్ళినవి ఏరి దాచుకుంటారా! మా నాన్న వాటినే ఏరి పారబోసేవాడు. మరి మంచివేం చేస్తారో అడగండి."

"ఏమంటున్నారు?" అన్నాడాయన.

బేరంలో అబద్ధం ఎప్పుడూ నా నాలుక చివరే ఉంటుంది. ఆ పూట ఎక్కడికి పోయిందో. ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"మంచివి మామూలు వైన్‌కి. దానికి ధర తక్కువ," అన్నాడు, నవ్వకుండా.

"చూశారా, మన రెండు కొట్లూ ఇన్నాళ్ళూ తలకిందులుగా నడిచాయి," అంది మా ఆవిడ, అదీ తెలుగులో చెప్పగానే.

వెళ్తూ వెళ్తూ ఆయన ఆ మసిగుడ్డ అడిగి తీసుకున్నాడు. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"కోపమంటారా, ప్రేమంటారా?" అంది మా ఆవిడ తలుపేస్తూ.

"సాక్ష్యమేమో," అన్నాను.

సోమవారం నా బల్ల మీద సంతకం పెట్టిన కాంట్రాక్టు ఉంది. పులిహోర చూసి పెట్టాడో, తుడుపు చూసి పెట్టాడో, ఆ గుడ్డ ఏం చేశాడో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. ఇంట్లో నేను గుడ్డ పట్టుకుంటే చాలు, మా ఆవిడ మాత్రం వంటింట్లోంచి కేకేస్తుంది:

"ముందు ఎవరినైనా కనుక్కోండి!"